మ్యాప్ చూపించిన చెలక

చిలుకూరు దారి, కోదాడ
3 మార్చి 2014, సోమవారం

మిర్యాలగూడలో ఉన్న మా అనురాధ వదినకు,

నీ తమ్ముడు శ్రీను భార్య నాగరాణి రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, అన్నయ్య, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం, మీ నాయిన, ఆయన గొర్రెల మంద అందరం బాగున్నాం. మన మెట్టచేను, చెలకలోని చింతచెట్టు ఈసారి విరగకాసింది. గాలి వీస్తే కాయలు గలగలమంటున్నాయి. దాని కిందే కూర్చుని రాస్తున్నాను.

నీ ఫోన్ నంబరు మారిందని తెలుసు. మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలే సక్రు అన్న మొన్న మిర్యాలగూడ వచ్చినప్పుడు నిన్ను చూశాడట. నీ ఇల్లు ఏ వీధిలో ఉందో కనుక్కుని వచ్చి చెప్పాడు. ఈ రోజుల్లో ఉత్తరాలేంటని నవ్వుకోకు వదినా. కొత్త నంబరు దొరికినా, ఫోనైతే నా గొంతు వినగానే పెట్టేయొచ్చు. ఉత్తరమైతే కనీసం విప్పి చూస్తావని ఆశ.

అత్తమ్మ దినాల నాడు అందరి ముందూ మీ నాయినతో, "నువ్వే సంపినవ్ నాయినా. హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతే మా అమ్మ బతికేది" అని, చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కి పోయావు. ఐదేళ్లయింది. ఆ మాట తప్పో ఒప్పో తేల్చడానికి రాయడం లేదు. తల్లి పోయిన బిడ్డ నోట ఏ మాటైనా వస్తుంది. నేనూ తల్లి లేనిదాన్నే కదా. ఇక్కడ ఒక వింత జరిగింది. జరిగినదాన్ని తలచుకుంటే నిద్రలో చూసినట్టు ఉంటుంది కానీ నిజం. అందులో సగం అత్తమ్మ సంగతే. నీకు చెప్పకపోతే అది పూర్తి కానట్టు ఉంది నాకు.

కోదాడలో మన హోటల్ నీకు గుర్తుందిగా. పెద్ద రోడ్డు పక్కన, లారీలు వరసగా ఆగే చోట. హైదరాబాద్ నుంచి బెజవాడ పోయే ప్రతి బండీ మన గుమ్మం ముందు నుంచే పోయేది. గిన్నెల మోతకి, హారన్ల మోతకి మధ్య మేమిద్దరం సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. తర్వాత బైపాస్ వేశారు. అది తెరిచిన రోజు నీ తమ్ముడు బండి వేసుకుని పోయి చూసొచ్చాడు. "నున్నగ ఉన్నది నాగరాణి, అద్దం లెక్క" అని మురిసిపోయాడు. అది మన బతుకుని పక్కకి నెట్టి పోయే రోడ్డని అప్పటికి మాకు తట్టలేదు.

ఆ తర్వాత లారీలు రావడం మానేశాయి. ఒక్కసారిగా కాదు. నిద్ర పట్టే మనిషి మాటలు తగ్గినట్టు, మెల్లమెల్లగా. మధ్యాహ్నం పూట రోడ్డు నడిమధ్య కుక్క పడుకుంటే దాన్ని లేపేవాళ్లు లేరు. నీ తమ్ముడు గల్లా దగ్గర కూర్చుని ఆ ఖాళీ రోడ్డుని చూస్తూ ఉండేవాడు. "రోడ్డు సచ్చిపోయింది" అన్నాడొక రోజు. హోటల్ మూసేసి మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు ఎత్తే పనికి పోతానన్నాడు. నడుం నొప్పి మనిషి, బస్తాలు ఎట్లా ఎత్తుతాడని లోపల గుబులు.

పోయినేడు వానలప్పుడు ఒక అమ్మాయి తడుచుకుంటూ వచ్చింది. పేరు నిఖిత. సూర్యాపేటలో కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. కోదాడలో చుట్టాల పెళ్లికి వచ్చి, అక్కడి విందు వదిలేసి పచ్చిపులుసు కోసం వెతుక్కుంటూ మన దాకా వచ్చిందట. పక్క దుకాణం వాళ్లు చెబితే వచ్చింది. తిని, చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి ఏదో వెతికి, "మీరు భూమ్మీద ఉన్నరు గని ఫోన్ల లేరక్కా" అంది. నాకు నవ్వొచ్చింది. ఫోన్లో ఉండడమేంటి, మనుషులం కదా అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. బైపాస్ మీద పోయేవాళ్లకి ఆకలైతే ఇప్పుడు రోడ్డు పక్కకి చూడరట, ఫోన్లోకి చూస్తారట. అక్కడ ఎవరి పేరు కనపడితే బండి అటు తిప్పుతారట. "పాత రోడ్డు మీద బోర్డు పెట్టిన్రు గదా. గీడ గూడ ఒక బోర్డు కావాలె, గంతే" అంది.

తర్వాత వారానికోసారి సూర్యాపేట పోయి ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఫేస్‌బుక్‌లో హోటల్ పేరున పేజీ తెరిచాం. నేను తీసిన మొదటి ఫొటోలు చూసి నిఖిత పొట్ట పట్టుకుని నవ్వింది. ట్యూబ్‌లైటు కింద పులుసు కషాయంలా ఉంది. పొద్దున కిటికీ పక్కన పెట్టి, వెలుగు పక్క నుంచి పడేట్టు తియ్యమంది. తీశాను. వదినా, ఆ రోజు నేనొక కొత్త సంగతి కనిపెట్టాను. ఇన్నేళ్లుగా వండుతున్నాను కానీ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. పులుసు మీద నూనె చుక్కలు తేలుతూ వెలుగుని పట్టుకుంటాయి. నువ్వుల పొడి మెల్లగా కిందికి దిగుతుంది, తేటనీటిలో ఇసుక దిగినట్టు. చాలాసేపు అట్లా చూస్తూ ఉండిపోయాను. నీ తమ్ముడొచ్చి, "పులుసు తాగుతవా, సూస్కుంట కూసుంటవా" అన్నాడు.

ఫొటోల కింద మెచ్చుకున్నవాళ్లంతా మన చుట్టాలే. తినడానికి మాత్రం ఎవరూ రాలేదు. మన హోటల్ పేరు లక్ష్మీనరసింహ భోజన హోటల్ కదా. ఆ పేరుతో వెతికితే ఊరికొకటి వస్తోంది. మట్టపల్లి స్వామి భక్తులందరూ అదే పేరు పెట్టుకున్నారు మరి. జాతరలో తప్పిపోయిన పిల్లలా మన హోటల్ ఆ పేర్ల గుంపులో ఎక్కడో ఉంది. ఒక మధ్యాహ్నం బల్ల మీద తల ఆనించి కునుకు తీస్తే కల వచ్చింది. ఫోన్ లోపల ఒక రోడ్డు. దాని మీద బండ్లు చప్పుడు లేకుండా, తెప్పల్లా తేలుకుంటూ పోతున్నాయి. నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాను. ఎవరికీ కనపడడం లేదు.

అప్పుడే నిఖిత ఇంకో పని చెప్పింది. పేజీలో మ్యాప్ కూడా పెడదాం, హోటల్ ఉన్న చోట నిలబడి ఈ బటన్ నొక్కమని నీ తమ్ముడికి ఫోన్లో చెప్పింది. ఆ ఫోన్ వచ్చేసరికి ఆయన మీ నాయినకి అన్నం ఇవ్వడానికి చెలకకి పోయి ఉన్నాడు. నిలబడ్డ చోటే నొక్కేశాడు మహానుభావుడు. మ్యాప్‌లో మన హోటల్ పోయి చిలుకూరు దారిలో, గొర్రెల దొడ్డి పక్కన, ఈ చింతచెట్టు కింద వాలింది. ఆ సంగతి మా ఎవరికీ తెలియదు.

దసరా సెలవుల్లో బెజవాడ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. ఫోన్ చెప్పిన దారినే బైపాస్ దిగి, చెలక దాకా వచ్చి ఆగారు. ఎదురుగా మంద. మంద మధ్యలో గొంగడి కప్పుకుని మీ నాయిన. భోజనం ఉందా అని అడిగారట. ఆయన ఒక్క మాటైనా ఎదురడగకుండా చాప పరిచాడు. అత్తమ్మ పోయాక ఆయన వంట ఆయనే చేసుకుంటున్నాడు వదినా. మేం పంపే కూర కన్నా తాను కలిపే పచ్చిపులుసే ఎక్కువ తింటాడు. పచ్చిమిరపకాయల్ని నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డని ఉప్పుతో చేత్తో నలిపి, అచ్చం అత్తమ్మ చేసినట్టే చేస్తాడు. ఉన్న అన్నం, ఆ పులుసు, నాలుగు కోడిగుడ్లు కొట్టి పొరటు చేసి పెట్టాడట. ఆ ముసలమ్మ గిన్నె ఎత్తి పులుసు తాగి, చెట్టుకి ఆనుకుని అక్కడే నిద్రపోయిందట. ఆమె లేచేదాకా కొడుకూ కోడలూ ఊరుకున్నారట. పిల్లలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుని తిరిగారు.

వాళ్లు పోయి మన పేజీలో రాశారు. ఆ రాత నాకు బట్టీ వచ్చింది. "హోటల్ అనుకుని వెళ్లాం. గోడలు లేవు, మెనూ లేదు. చెట్టు కింద ఒక తాత మా అమ్మకి అన్నం పెట్టారు. చాలా రోజుల తర్వాత మా అమ్మ పగటిపూట నిద్రపోయింది." కింద ఫొటో. చెట్టు, గొర్రెలు, చాప మీద పళ్లేలు. మీ నాయిన ముఖం తిప్పుకున్నాడు, గొంగడి మాత్రమే కనపడుతోంది. నాకేమీ అర్థం కాలేదు. నీ తమ్ముడు పరుగున పోయి అడిగితే ఆయన తాపీగా, "ఆకలితోని వచ్చిన్రు. ఇది హోటలా కాదా అని నేను అడుగుతనా? కూసోమన్న" అన్నాడట. ఎవరో దారి తప్పి వచ్చారనుకుని ఊరుకున్నాం.

తర్వాతి ఆదివారం మేం కోదాడలో గుమ్మం వైపు చూస్తూ కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ, "మేం వచ్చి కూర్చున్నామండీ, తాతగారు చాపలేశారు, కూరలు ఎంతసేపట్లో వస్తాయి" అని అడిగింది. ఎక్కడ కూర్చున్నారంటే, గొర్రెల దగ్గర అంది! గిన్నెలన్నీ ఆటోలో వేసుకుని ఇద్దరం చెలకకి ఉరికాం. చెట్టు కింద మూడు కుటుంబాలు. మీ నాయిన వాళ్లకి కుండలోంచి నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి, "గింత ఆలస్యమా బిడ్డా, పిల్లలు పరేషాన్ అయితున్నరు" అన్నాడు. ఎప్పటినుంచో ఇదే మన హోటల్ అయినట్టు!

సంగతి తెలిసి నిఖిత వెంటనే ఫోన్ చేసింది. మ్యాప్ తప్పు పడింది, నిమిషంలో సరిచేస్తానంది. నీ తమ్ముడు సరే అనబోయాడు. నేను ఆగమన్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక గట్టు మీద కూర్చున్నాం. సాగర్ కాలువ నీళ్లు వరి మడుల్లోకి పారుతున్న చప్పుడు. మంద దుమ్ము లేపుకుంటూ దొడ్డిలోకి వస్తోంది. ఆ దుమ్ములోకి ఎండ దిగి బంగారపు పొగలా ఉంది. ఫోన్ సరిగ్గానే చెప్పిందేమో, మనమే తప్పు చోట కూర్చున్నామేమో అన్నాను. నీ తమ్ముడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గీడ కరెంట్ లేదు, గోడ లేదు, వానొస్తే ఏం జేస్తం" అన్నాడు. మీ నాయిన దొడ్డి తడిక కడుతూ మా మాటలు వింటున్నాడు. అటు తిరిగే ఉండి, "బాట ఉన్న కాడికి గొర్లు పోవు కొడుకా. మేత ఉన్న కాడికి పోతయ్. ఎన్కనే బాట పడ్తది" అన్నాడు.

దీపావళి దాటాక కోదాడ గది ఖాళీ చేశాం. కిరాయికి తీసుకున్న రోజు ఎంత సంబరపడ్డామో, తాళం తిరిగి ఇచ్చిన రోజు అంత బెంగగా ఉంది. నీ తమ్ముడు పాత రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి ఆటో ఎక్కాడు. చెలకలో రేకుల పందిరి, పక్కన మట్టి పొయ్యిలు, చెట్టు కింద చాపలు. అంతే మన హోటల్.

అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకు. చలికాలంలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన పేజీలో ఘాటుగా రాశాడు. గొర్రెల వాసన, ఈగలు, ఇది హోటలా కొట్టమా అని. దాని కింద ఇంకో నలుగురు వంత పాడారు. వస్తామని ముందు చెప్పినవాళ్లు రాలేదు. వరసగా కొన్ని రోజులు అన్నం మిగిలిపోయింది. నీ తమ్ముడు కోపంతో ఆయన్ని తిడుతూ జవాబు పెట్టాడు. నిఖిత సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చి మరీ దాన్ని తీయించింది. "కోపం గూడ అందరికి కనపడ్తదన్నా" అంది. ఏం రాయాలో నన్నే ఆలోచించమంది. నేను పోయి దొడ్డి పక్కన కూర్చుని గాలి పీల్చి చూశాను. వాసన నిజమే కదా వదినా! మనకి అలవాటైపోయింది, వాళ్లకి కాలేదు. అదే రాశాను. "మీరన్నది నిజం. మేం ఈ వాసనలోనే పుట్టి పెరిగాం, అందుకే మాకు తెలియలేదు. దొడ్డిని అవతలి గట్టుకి జరుపుతున్నాం. మళ్లీ రండి, మీ కోసం పులుసు కలుపుతాం." రాసిన తర్వాత భయమేసింది. దొడ్డి జరపమని మీ నాయినని ఎట్లా అడగాలి? అది అత్తమ్మా ఆయనా కలిసి కట్టుకున్నది.

విషయం చదివి వినిపించాను. తెల్లారి మేం లేచేసరికి తడికలు విప్పి గట్టు అవతల పాతుతున్నాడు. సాయం పోతే, "నువ్వు మాటిచ్చినవ్ గదా బిడ్డా. ఇగ అయిపాయె" అన్నాడు. గుంజ గుంజనీ చేత్తో నిమిరి మోసుకెళ్లాడు. మన ఫొటోలన్నింటికన్నా ఆ జవాబునే ఎక్కువ మంది ఒకరికొకరు పంపుకున్నారు. తిట్టినాయన సంక్రాంతి తర్వాత భార్యతో వచ్చాడు. తిని, దొడ్డి దాకా నడిచిపోయి మీ నాయినతో చాలాసేపు మాట్లాడాడు.

పేరు కూడా మార్చాం. పేర్ల గుంపులో తప్పిపోని పేరు కావాలని నిఖిత ఎప్పటినుంచో అంటోంది. నాకు ఒక్క పేరే తోచింది. మీ నాయినని అడగడానికి నీ తమ్ముడికి ధైర్యం చాలలేదు. నేనే అడిగాను, అత్తమ్మ పేరు పెట్టుకుంటామని. ఆయన మంద వైపు చూస్తూ, "ఆమె పేరు రోడ్డు మీద పెడ్తరా" అన్నాడు. కాసేపయ్యాక మళ్లీ ఆయనే, "దుమ్ము పడకుంట సూస్కోరి" అన్నాడు. ఇప్పుడు రోడ్డు పక్కన బోర్డు ఉంది, "సోమమ్మ పచ్చిపులుసు" అని. పొద్దున్నే లేచి తడిగుడ్డతో దాన్ని తుడిచేది ఆయనే. ఎవరినీ ముట్టనివ్వడు. ఫోన్లో ఆ పేరు కొడితే ఇంకెవరూ రారు. అత్తమ్మ ఒక్కతే వస్తుంది.

నీ తమ్ముడు సిమెంటు బస్తాల మాట మరిచిపోయాడు. సాగర్ చూసి మిర్యాలగూడ మీదుగా తిరిగొచ్చేవాళ్లు కూడా ఆగుతున్నారు. మీ ఊరి బండ్లని చూసినప్పుడల్లా నువ్వు దిగుతావేమోనని అద్దాల్లోకి తొంగిచూస్తాను. పొద్దున మంచు కమ్మినప్పుడు ఇక్కడ ఏమీ కనపడదు వదినా. చెట్టు కనపడదు, మంద కనపడదు, బోర్డు కనపడదు. గొర్రెల మెడల్లో గంటలు మాత్రం వినపడతాయి. ఆ తెల్లటి పొగలోంచి ఎవరిదో బండి లైటు వేసుకుని మెల్లగా వచ్చి, సరిగ్గా మన ముందే ఆగుతుంది. ప్రతిసారీ అదే అనుకుంటాను. మనం ఎవరికీ కనపడడం లేదు, అయినా వెతుక్కుంటూ వచ్చారు!

నువ్వు రావాలనే అడుగుతున్నాను. ఎవరినీ క్షమించమనడం లేదు. పిల్లలకి వాళ్ల అమ్మమ్మ చేతి పులుసు ఎట్లా ఉండేదో తెలియాలి కదా. అన్నం తిని పోండి. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడొద్దు. చెట్టు నీడ చాలా పెద్దది, ఎవరి మూలన వాళ్లు కూర్చోవచ్చు.

అన్నయ్యకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

నీ రాక కోసం దారి చూస్తూ,
నాగరాణి

తా.క. ముగించాక కూడా కవరు అంటించలేకపోయాను వదినా. ఒక సంగతి రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి తేల్చుకోలేదు. రాస్తున్నాను.

మీ నాయిన ఫొటో దిగడానికి ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు. "నేనేమన్న సినిమా హీరోనా" అని కసిరేవాడు. పేరు మార్చిన కొత్తలో ఒక రోజు నిఖితని పక్కకి పిలిచి, "నా ఫొటో ఫోన్ల పెడితే మిర్యాలగూడల గూడ కనపడ్తదా బిడ్డా" అని అడిగాడట. ఎక్కడున్నవాళ్లకైనా కనపడుతుంది తాతా అందట ఆ పిల్ల. మర్నాడు ఉతికిన పంచె కట్టి, తలకి రుమాలు చుట్టి, తానే వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. ఆ ఫొటోని ఎందరో మెచ్చుకున్నారు. అప్పటినుంచి రోజూ పొద్దు గూకే వేళకి నా పక్కన కూర్చుని, మెచ్చుకున్నవాళ్ల పేర్లు చదవమంటాడు. నేను కొన్ని చదివి ఆపితే ఊరుకోడు, అన్నీ చదవాలి. ముసలాయనకి ఇదో సరదా అనుకున్నాను.

నిన్న సాయంత్రం చదువుతుంటే అనురాధ అని ఒక పేరు వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఫోన్ దగ్గర పెట్టి చూపించాను. ఎవరో బెజవాడ అమ్మాయి మామయ్యా, మన వదిన కాదు అన్నాను. ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. "ఎవలైతేంది, ఆ బిడ్డ గూడ సల్లగుండాలె" అని మంద దగ్గరికి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి కూర్చుని, మిగతా పేర్లు చదవమన్నాడు.